గ్లైడర్‌కు మొదటి రేడియో: చిక్కు ఎక్కడ, విప్పేదెలా

రిమోట్‌తో ఎగరేసే మోడల్ గ్లైడర్‌కు రేడియో కొనేటప్పుడు అందరి కళ్లూ చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్ మీదే ఉంటాయి. తెర ఎంత పెద్దది, స్విచ్‌లు ఎన్ని అని చూస్తారు. తీరా ఇబ్బందుల్లో చాలా భాగం గ్లైడర్ లోపల పుడతాయి: రిసీవర్, దానికి అందే కరెంటు, దాని యాంటెన్నా. మీకు ఎదురైన లక్షణాన్ని బట్టి కింద వెతుక్కోండి. ఇంకా కొననివాళ్లు మొత్తం చదివి కొనడం మేలు.

రెండో గ్లైడర్‌కే చానళ్లు చాలలేదు

చానల్ అంటే విడిగా పంపగలిగే ఒక్కో ఆదేశం. మొదటి ఫోమ్ గ్లైడర్‌కు రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక), ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక), మోటారు కలిపి మూడు చానళ్లు సరిపోతాయి కాబట్టి నాలుగు చానళ్ల సెట్ చాలనిపిస్తుంది. ఫ్లాప్‌లున్న రెక్క రాగానే లెక్క మారుతుంది. ఐలరాన్‌లకు (రెక్కల చివరి వైపు పలకలు) రెండు, ఫ్లాప్‌లకు (రెక్కల లోపలి వైపు పలకలు) రెండు, రడ్డర్, ఎలివేటర్ కలిపి ఆరు. మోటారుంటే ఏడు.

వై-వైరు వేసి రెండు ఐలరాన్‌లనూ ఒకే చానల్‌కు కలపొచ్చు కదా అంటారు. కలిపితే రెండూ ఎప్పుడూ ఎదురెదురుగానే కదులుతాయి. రెండింటినీ ఒకేసారి పైకి లేపలేరు. డిఫరెన్షియల్, అంటే పైకి ఎక్కువ, కిందికి తక్కువ కదిలించడం, ట్రాన్స్‌మిటర్ నుంచి పెట్టలేరు. పొడవాటి రెక్కలకు అది లేకపోతే కుడివైపు తిప్పబోతే ముక్కు ఎడమకు లాగుతుంది.

పరిష్కారం: ట్రాన్స్‌మిటర్ కనీసం ఎనిమిది చానళ్లది, కనీసం పది మోడళ్లను గుర్తుపెట్టుకునేది తీసుకోండి. రిసీవర్ మాత్రం ఆ గ్లైడర్‌కు ఎన్ని చానళ్లు కావాలో అన్నిటిదే చాలు. మెమరీ లేని నాలుగు చానళ్ల సెట్‌ను ఎంత చవకగా వచ్చినా మేం సిఫారసు చేయం.

దిగమంటే దిగదు, ల్యాండింగ్ చోటు దాటిపోతుంది

గ్లైడ్ రేషియో 15 ఉన్న గ్లైడర్ 10 మీటర్ల ఎత్తు నుంచి గాలి లేనప్పుడు 150 మీటర్లు సాగుతుంది. చిన్న మైదానం అయిపోయినా అది ఇంకా గాల్లోనే ఉంటుంది. దీనికి మందు క్రో బ్రేక్: ఐలరాన్‌లు రెండూ పైకి, ఫ్లాప్‌లు బాగా కిందికి, ముక్కు లేవకుండా ఎలివేటర్ కొద్దిగా కిందికి.

కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: థ్రాటిల్ స్టిక్ వెనక్కి లాగిన కొద్దీ ఈ మూడూ కలిసి పెరిగేలా పెట్టొచ్చా? మెనూలో గ్లైడర్ అనే మాట కనిపించినంత మాత్రాన నమ్మొద్దు. వీ-టెయిల్ (V ఆకారపు తోక) అమరిక ఒక్కటి పెట్టి ఊరుకున్న రేడియోలూ ఉన్నాయి. ఎడ్జ్‌టీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ నడిచే రేడియోల్లో ఏ మిక్స్ (ఒక్క స్టిక్‌తో కొన్ని పలకలను కలిపి కదిలించే అమరిక) అయినా మీరే కట్టుకోవచ్చు. కాకపోతే మొదటి వారం తలనొప్పి తప్పదు.

మోటారును పక్క స్విచ్‌కు మార్చి, థ్రాటిల్ స్టిక్‌ను బ్రేక్‌కు వదిలేయండి. ఆ స్టిక్ టకటకమని మెట్లు మెట్లుగా కదిలితే వెనక మూత తీసి పళ్ల పట్టీని వదులు చేయండి. బ్రేక్ నున్నగా కదలాలి. బ్రేక్ వేయగానే గ్లైడర్ పైకి ఉబికితే ఎలివేటర్ సర్దుబాటు చాలలేదని అర్థం. ఎత్తులో ఉండగానే ఒక్కో మిల్లీమీటరు పెంచుతూ చూడండి.

వీ-టెయిల్: రడ్డర్ ఇస్తే ఎలివేటర్‌లా కదులుతుంది

ఒక సర్వో (పలకను కదిలించే చిన్న మోటారు) దిశ తిరగబడి ఉంది. దాన్ని రివర్స్ చేయండి. ఎలివేటర్‌కు రెండూ కలిసి కదిలినా, స్టిక్ వెనక్కి లాగితే కిందికి పోతుంటే రెండు సర్వోలనూ రివర్స్ చేయండి. ఎలివేటర్ కుదిరాక రడ్డర్ ఒక్కటే తిరగబడి ఉంటే సర్వోలను ముట్టుకోకుండా మిక్స్‌లో రడ్డర్ శాతాన్ని మైనస్ చేయండి. సరిగా ఉంటే, వెనక నుంచి చూస్తూ స్టిక్ ఎడమకు నొక్కినప్పుడు ఎడమ పలక కిందికి, కుడి పలక పైకి కదలాలి. రెండు ఆదేశాలూ ఒకే సర్వోలో కలుస్తాయి కాబట్టి చెరి 100 శాతం ఇవ్వకండి, 60 దగ్గర మొదలుపెట్టండి.

దూరం వెళ్లాక ఒక్క క్షణం మాట వినదు

దీనికి కారణాలు రెండు. సిగ్నల్ తెగడం ఒకటి, రిసీవర్‌కు వోల్టేజి పడిపోవడం రెండోది. చాలామంది మొదటిదాన్నే తిడతారు. టెలిమెట్రీ, అంటే గ్లైడర్ నుంచి ట్రాన్స్‌మిటర్‌కు సమాచారం తిరిగి రావడం, ఉంటే తేల్చడం తేలిక: ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందే సిగ్నల్ బలం) తగ్గుతూ వచ్చి పోతే సిగ్నల్. అది బాగున్నా కనిష్ఠ వోల్టేజి పడిపోయి ఉంటే కరెంటు. అందుకే టెలిమెట్రీ లేని రిసీవర్ గ్లైడర్లకు తీసుకోకండి. వేరియో సెన్సర్ (ఎక్కే, దిగే వేగాన్ని కొలిచేది) పెట్టి పైకి లేచే గాలిని చెవితో పసిగట్టే వీలూ దానితోనే వస్తుంది.

సిగ్నల్ సంగతి ముందు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 125 మిల్లీమీటర్లు. సన్నని తీగ యాంటెన్నాలో పనిచేసేది చివరన కవచం లేకుండా కనిపించే పావు తరంగం, అంటే 31 మిల్లీమీటర్ల ముక్కే. మిగతాది దారి మాత్రమే. ఆ ముక్క మడతపడినా, బ్యాటరీ కింద నలిగినా రేంజ్ పోతుంది. రెండు యాంటెన్నాలుంటే వాటిని 90 డిగ్రీల కోణంలో పెట్టండి. కార్బన్ ఫైబర్ ఈ తరంగాలను అడ్డుకుంటుంది. కార్బన్ బాడీకి చిన్న రంధ్రం చేసి ఆ 31 మిల్లీమీటర్లనూ బయటకు తీయాల్సిందే. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా మొనను గ్లైడర్ వైపు గురిపెట్టకండి, మొన దిశలోనే సిగ్నల్ అతి బలహీనం. పార్క్ ఫ్లయర్ల (దగ్గర్లోనే ఎగరేసే చిన్న విమానాల) కోసం చేసిన తక్కువ రేంజ్ రిసీవర్లు గ్లైడర్‌కు పనికిరావు.

ఇప్పుడు కరెంటు. బీఈసీ అంటే బ్యాటరీ వోల్టేజిని రిసీవర్‌కు, సర్వోలకు సరిపడేలా దించే భాగం. మోటారును నడిపే స్పీడ్ కంట్రోలర్‌లో లీనియర్ బీఈసీ ఉంటే మిగులు వోల్టేజినంతా వేడిగా మారుస్తుంది. నిండుగా చార్జ్ చేసిన 3 సెల్ లైపో బ్యాటరీ 12.6 వోల్టులు. దాన్ని 5కు దించుతూ సర్వోలకు 1 ఆంపియర్ ఇస్తే 7.6 వాట్లు వేడవుతాయి. 2 సెల్‌తో అయితే 3.4 వాట్లే. ఆరు సర్వోలు ఒక్కసారి కదిలితే బీఈసీ వేడెక్కి ఆగిపోవచ్చు. పరీక్ష: ప్రొపెల్లర్ తీసేసి, రిసీవర్ ఖాళీ చానల్‌కు మీటర్ కలిపి, అర నిమిషం పాటు అన్ని స్టిక్‌లూ ఎడాపెడా తిప్పండి. 5 వోల్టులు 4.5 కన్నా దిగితే వేడి తక్కువ పుట్టించే స్విచ్చింగ్ బీఈసీకి మారండి. మోటారు లేని గ్లైడర్‌లో అయితే బ్యాటరీ పాతబడిందేమో, స్విచ్, ప్లగ్‌లు వదులయ్యాయేమో చూడండి.

ప్రతి కొత్త అమరిక తర్వాతా రేంజ్ చెక్ మోడ్‌లో (ట్రాన్స్‌మిటర్ శక్తిని తగ్గించి పరీక్షించే అమరిక) సుమారు 30 అడుగులు వేసి నడిచి చూడండి. మోటారు ఆపి ఒకసారి, సహాయకుడు గట్టిగా పట్టుకోగా మోటారు తిప్పి ఒకసారి.

బైండ్ కావడం లేదు

బైండ్ అంటే ట్రాన్స్‌మిటర్‌ను, రిసీవర్‌ను జత కలపడం. రెండింటినీ మరీ దగ్గరగా పెట్టారేమో, మీటరు దూరం జరపండి. అదీ కాకపోతే రెండింటి భాషా ఒకటేనా చూడండి: ఫుటాబా, స్పెక్ట్రమ్, ఫ్రీస్కై దేని ప్రోటోకాల్ దానిదే. 2.4 అన్న అంకె ఒకటైనంత మాత్రాన కలవవు. ఒకే సంస్థవైనా ఫర్మ్‌వేర్ ప్రాంతం వేరైతే కలవకపోవచ్చు. పైగా రిసీవర్లు ఏటా కొంటూనే ఉంటాం కాబట్టి, ట్రాన్స్‌మిటర్ ధర కంటే దాని రిసీవర్ల ధర ముందు చూడండి.

రిసీవర్ వచ్చింది, సర్వో ప్లగ్‌లకు చోటే లేదు

డ్రోన్‌ల కోసం చేసిన రిసీవర్ కొన్నారు. అది సిగ్నల్‌ను ఒక్క తీగ మీద ఫ్లైట్ కంట్రోలర్‌కు పంపుతుంది. ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ అనే రేడియో వ్యవస్థలో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. కొనేటప్పుడు పీడబ్ల్యూఎం అవుట్‌పుట్‌లు (సర్వో ప్లగ్‌లు పెట్టే చోట్లు) ఎన్నో లెక్కపెట్టండి.

తోటి పైలట్ మీ ట్రాన్స్‌మిటర్‌తో ఎగరేయలేకపోతున్నారు

మోడ్ తేడా. మోడ్ 2లో థ్రాటిల్, రడ్డర్ ఎడమ స్టిక్ మీద, ఐలరాన్, ఎలివేటర్ కుడి స్టిక్ మీద ఉంటాయి. మోడ్ 1లో థ్రాటిల్ కుడికి, ఎలివేటర్ ఎడమకు మారతాయి. మీకు నేర్పేవాళ్లది ఏదో అదే కొనండి.

ట్రాన్స్‌మిటర్ ఆపినా మోటారు తిరుగుతూనే ఉంది

ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ తెగితే రిసీవర్ ఏం చేయాలన్న అమరిక, పెట్టలేదు, లేదా చివరి స్థితినే పట్టి ఉంచే హోల్డ్‌లో ఉంది. మోటారు ఆగిపోయేలా, రడ్డర్ కొద్దిగా ఒక పక్కకు ఉండేలా పెట్టండి. అప్పుడు గ్లైడర్ ఎటో కొట్టుకుపోకుండా అక్కడే సుడి తిరుగుతూ దిగుతుంది. ప్రొపెల్లర్ తీసి, మోటారును మెల్లగా తిప్పుతూ, ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. రిసీవర్‌ను మళ్లీ బైండ్ చేసిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి, ఎందుకంటే కొన్ని రిసీవర్లు బైండ్ చేసినప్పటి స్టిక్‌ల స్థితినే ఫెయిల్‌సేఫ్‌గా రాసుకుంటాయి.