దిగబడిన బండికి ఏ వించ్: బంపర్‌కు బిగించేదా, వెంట మోసుకెళ్లేదా?

బురదలోనో ఇసుకలోనో దిగబడిన బండిని బయటికి లాగడానికి వించ్ (తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ లాగే యంత్రం) కొనేవారు ముందుగా చూసేది అది ఎంత బరువు లాగగలదన్న అంకెను. ఆ అంకె అవసరమే. మనుషులు, సామాను, ఇంధనంతో కలిపి బండి తూగే మొత్తం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్ల సామర్థ్యం ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. అంటే 2,500 కిలోల బండికి 3,750 కిలోలకు తగ్గకూడదు. అయితే పెట్టెమీద రాసిన సామర్థ్యం డ్రమ్ముపై తాడు ఒక్క వరుస మాత్రమే మిగిలి ఉన్నప్పటిది. పైన వరుసలు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతూ వస్తుంది. కాబట్టి తాడు కట్టడానికి దగ్గరి చెట్టుకన్నా, తాడు ఎక్కువ విప్పాల్సి వచ్చే కాస్త దూరపు చెట్టే మేలు.

బిగించేదా, మోసుకెళ్లేదా అన్నది మాత్రం ఈ లెక్కతో తేలదు. మీ బండిని ఎక్కువసార్లు ఎటువైపు లాగాల్సి వస్తుందో ముందు ఆలోచించండి. ముందున్న నేల ఎలాంటిదో తెలియదు, వెనకటి నేల అప్పటిదాకా బండిని మోసినదే; అందుకే దిగబడిన బండిని చాలాసార్లు వచ్చిన దారినే వెనక్కి తీయాలి. ముందు బంపర్‌కు బిగించిన వించ్ ముందుకే లాగుతుంది. కప్పీలతో తాడును వెనక్కి మళ్లించవచ్చు గానీ, అది చాలా తాడు, ఓపిక కోరే పని.

అయినా బిగించిన వించ్‌కు ఒక గొప్ప సుగుణం ఉంది: అది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చాసిస్‌కు గట్టిగా పట్టి ఉండటం వల్ల తాడు కొంత ఏటవాలుగా వెళ్లినా తట్టుకుంటుంది. పూర్తి బరువు మీద 12 వోల్టుల మోటారు 400 ఆంపియర్ల దాకా తీసుకోవచ్చు కనుక, బ్యాటరీ దగ్గరే ఉండి తీగలు పొట్టిగా, లావుగా ఉండటం కూడా కలిసివస్తుంది. బదులుగా బంపర్, వించ్ కలిసిన బరువు ముందు స్ప్రింగులమీద రోజూ పడుతుంది.

ఇక బండికి ముందో వెనకో బిగించే రెండు అంగుళాల చదరపు గొట్టం, అంటే రిసీవర్‌లో దూర్చి పిన్ను వేసే ఎలక్ట్రిక్ వించ్‌ను ముందూ వెనకా తగిలించుకోవచ్చు, అవసరం లేనప్పుడు ఇంట్లో వదిలేయవచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ దాన్ని బిగించిన చట్రంతో కలిపి నలభై కిలోల దాకా తూగే ఆ ఇనుమును మోకాలిలోతు బురదలో ఎత్తిపట్టుకుని, మట్టి నిండిన రిసీవర్ నోటిని వేళ్లతో కెలికి, పిన్ను రంధ్రం ఎక్కడుందో తడుముతున్నప్పుడు ఆ సౌకర్యం విలువెంతో తెలుస్తుంది. వెనక వాడాలంటే బ్యాటరీ నుంచి లావుపాటి తీగలు అక్కడిదాకా వేయించాలి. పక్కకు లాగితే రిసీవర్ వంగే ప్రమాదం ఉంది కనుక తాడు సాధ్యమైనంత తిన్నగా ఉండాలి.

చేతితో మీట ఆడించే వించ్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు, నేను చూడను. అది నత్తనడకన లాగుతుంది, భుజాలు నొప్పెడతాయి, కానీ బ్యాటరీ చచ్చినా, ఇంజిన్ ఆగినా, ఎటువైపైనా పనిచేస్తుంది.

ఒంటరిగా, తరచుగా కష్టమైన దారుల్లో వెళ్లేవారు బిగించిన వించ్ తీసుకుని, వెంట చేతి వించ్ ఒకటి ఉంచుకోవాలని నా అభిప్రాయం. ఏడాదికి రెండు మూడుసార్లు, అదీ తోడు బండ్లతో వెళ్లేవారికి పోర్టబుల్ వించ్ చాలు. అసలు తోడు బండితో లాగించుకునే మంచి రికవరీ తాడు ఒక్కటే సరిపోయినా ఆశ్చర్యం లేదు.

ఏది కొన్నా ఒక కప్పీ తప్పక కొనండి: తాడును చెట్టుకు కట్టిన ఆ కప్పీ మీదుగా తిప్పి తిరిగి బండికే తగిలిస్తే లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. బయల్దేరే ముందు ఇంటి దగ్గర గట్టి నేలమీద తాడంతా విప్పి, కొద్దిపాటి బరువు మీద బిగువుగా చుట్టి చూడండి. స్టీలు తాడైతే కనీసం ఐదు చుట్లు, సింథటిక్ తాడైతే ఎనిమిది నుంచి పది చుట్లు డ్రమ్ముపై ఎప్పుడూ మిగలాలి; ఆ చివరి చుట్లకు వేరే రంగు పూస్తే ఎక్కడ ఆగాలో దూరం నుంచే కనిపిస్తుంది.