పాత హాలిడే క్లబ్ మెంబర్‌షిప్‌కు ఇన్నేళ్లకు బిల్లొస్తే: అభ్యంతరం, ఫిర్యాదు విధానం

హనుమకొండ, కాజీపేట వైపు చాలా ఇళ్లలో ఈ కథ ఉంది. లక్కీ డ్రాలో గిఫ్టు వచ్చిందని భార్యాభర్తలిద్దరినీ హోటల్‌కు పిలిచారు, రెండు మూడు గంటలు కూర్చోబెట్టి హాలిడే క్లబ్‌లో మెంబర్‌షిప్ అంటగట్టారు. ఒక్కసారి కూడా రూము బుక్ చేసుకోకుండానే ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు ‘వార్షిక మెయింటెనెన్స్ బాకీ, వడ్డీతో సహా’ అంటూ నోటీసు వచ్చింది. జిమ్ము, క్లబ్బు, లైబ్రరీ, ఏ మెంబర్‌షిప్ బిల్లుకైనా పద్ధతి ఇదే.

ముందుగా, ఫోన్లో ఏదీ ఒప్పుకోవద్దు. ‘ఒక వెయ్యి కట్టండి, మిగతాది మాఫీ చేయిస్తాం’ అన్నా కట్టొద్దు. డబ్బు బాకీకి కోర్టుకెళ్లే గడువు సాధారణంగా 3 ఏళ్లు (1963 లిమిటేషన్ చట్టం). గడువు లోపల మీరు సంతకంతో బాకీ ఒప్పుకున్నా, కొంత కట్టి అది రాతలో ఉన్నా ఆ 3 ఏళ్లు మళ్లీ మొదలవుతాయి. గడువు దాటిన బాకీని కూడా కడతానని రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది కొత్త బాధ్యత అవుతుంది. వాళ్లు నోటీసు పంపినంత మాత్రాన గడువు పెరగదు.

లెక్క ఏ ఏడాదికి ఆ ఏడాదే వేయాలి. కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది. అందుకని 2019 ఏప్రిల్ 1న కట్టాల్సిన ఫీజుకు గడువు 2022లో కాదు, 2024 మార్చి మధ్యలో ముగిసింది. ఒప్పందం ఇంకా నడుస్తూ ఉంటే గత 3 ఏళ్ల ఫీజు మాత్రం వాళ్లు అడగవచ్చు. దానికి జవాబు గడువులో దొరకదు, ఒప్పందంలోనే వెతకాలి: సభ్యత్వం వాడినా వాడకున్నా ఫీజు కట్టాలని ఉందా, ఏటా బిల్లు పంపుతామన్నారా, రద్దు చేసుకునే దారి ఏమిటి.

తర్వాత రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఇంత చాలు:

‘మీ ఫలానా తేదీ నోటీసు అందింది. అందులోని బాకీని నేను ఒప్పుకోవడం లేదు. నా సంతకమున్న ఒప్పందం కాపీ, ఏ ఏడాదికి ఎంతో విడివిడి లెక్క, ఆయా ఏళ్లలో నాకు పంపిన బిల్లులు, అవి అందినట్టు రుజువు 15 రోజుల్లో పంపండి. నా సభ్యత్వాన్ని రద్దు చేయండి. ఈ ఉత్తరంలో ఏ మాటా బాకీని ఒప్పుకున్నట్టు కాదు.’

ఈమెయిల్ చేసి, స్పీడ్ పోస్టులో కూడా పంపి, రసీదు దాచండి. రేపు వినియోగదారుల కమిషన్‌లో మీకు పనికొచ్చే మొదటి కాగితం ఇదే.

జవాబు రాకపోయినా, బెదిరింపులు ఆగకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పుకోవచ్చు. వాళ్లు ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. అది కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు. అయినా చాలాసార్లు కంపెనీ దిగొచ్చేది ఇక్కడే, వాళ్లిచ్చే డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) రాసిపెట్టుకోండి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, ముంబైలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. ఈ సౌకర్యం చాలామందికి తెలియక ‘అంత దూరం ఎవరు తిరుగుతారు’ అని డబ్బు కట్టేస్తున్నారు, అదే బాధ. మెంబర్‌షిప్‌కు మీరు చెల్లించింది 5 లక్షల లోపయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు.

ఫిర్యాదును ఈ-జాగృతి (వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్) పోర్టల్‌లో వేయవచ్చు, 2025 జనవరి నుంచి ఇది నడుస్తోంది. మొబైల్, ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, జరిగింది తేదీల వరుసలో రాసిన ఫిర్యాదు, అఫిడవిట్ (ప్రమాణ పత్రం), ఒప్పందం, కట్టిన రసీదులు, నోటీసు, మీ జవాబు, పోస్టు రసీదు పీడీఎఫ్‌లుగా ఎక్కించాలి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్ జిల్లాగా మారాయి. పాత కాగితాల్లో పాత జిల్లా పేరుంటే ఆ సంగతి ఒక వాక్యంలో రాయండి.

అసలు మెలిక ఇక్కడుంది. ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. అప్పట్లో మోసం చేసి అమ్మారన్నదే ప్రధానంగా రాస్తే గడువు దాటిందని తిరగ్గొట్టే ప్రమాదం ఉంది. ఇప్పుడొచ్చిన నోటీసును, లేదా ఇప్పుడు ఖాతాలోంచి పోయిన డబ్బును ఫిర్యాదుకు కారణంగా చూపండి, దాని తేదీ రాయండి. కోరేది కూడా స్పష్టంగా ఉండాలి: డిమాండు రద్దు, సభ్యత్వం ముగింపు, కోసుకున్నది వాపసు, పరిహారం, ఖర్చులు. ఫిర్యాదు తీసుకున్నాక కంపెనీకి నోటీసు వెళ్తుంది. జవాబుకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15. ఆదేశం నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు.

‘సిబిల్ పాడవుతుంది’ అని భయపెడతారు. అప్పులు కట్టిన తీరు చూసి స్కోరు ఇచ్చే సంస్థ సిబిల్. దానికి వివరాలు పంపేది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల వంటివే. అప్పట్లో మెంబర్‌షిప్‌ను ఈఎంఐ మీద తీసుకుని ఉంటే మాత్రం మీ క్రెడిట్ రిపోర్టు ఒకసారి చూసుకోండి. ఆటో డెబిట్ ఉంటే బ్యాంకు యాప్‌లోనో, యూపీఐ యాప్‌లోనో ఈరోజే ఆపేయండి. అనుమతి లేకుండా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. కాగితాలు రాసుకోవడం కష్టమయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, హెల్ప్‌లైన్ 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది.