పండ్ల డాక్టర్ దగ్గర పైసలు ఎట్ల మిగుల్చుకోవాలె? వరంగల్, హనుమకొండ సైడోళ్ళ కోసం

పంటి నొప్పి లేస్తే మన దిక్కు ఎక్కువమంది చేసేది ఒకటే, మెడికల్ షాపుకు పోయి రెండు గోలీలు తెచ్చుకునుడు. తగ్గుతది, మర్చిపోతం. పత్తి అమ్మినంక చూద్దాం, మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు పోయినంక చూద్దాం, పిల్లల ఫీజు కట్టినంక చూద్దాం అనుకుంటనే ఏడాది గడుస్తది, ఆ ఏడాదిలనే వందల్లో అయిపోయే సిమెంటు పని (గుంత నింపే ఫిల్లింగ్) వేలల్లోకి పోతది.

ఎందుకంటే పన్ను పైపొరకు నొప్పి తెలువది. పురుగు పట్టుడు (అసలు పురుగేం ఉండదు, తీపి తిన్నప్పుడు నోట్లె ఉండే బ్యాక్టీరియా యాసిడ్ తయారుచేస్తది, దానితోని పన్ను కరుగుతది) మొదలైనప్పుడు మనకు ఏం అనిపియ్యది. లోపలి పొర దాక పోయినంక చల్లటి నీళ్ళకు జివ్వుమంటది, ఈ స్టేజ్‌ల కూడా చాలావరకు సిమెంటుతోనే అయిపోతది. ఇంకా లోపలికి, నరం దాక పోతే రాత్రి పండుకుంటే నొప్పి ఎక్కువైతది, అప్పుడిక రూట్ కెనాల్ (పాడైన నరం తీసి లోపల శుభ్రం చేసి మూసుడు), దాని మీద క్యాప్ (పన్నుకు తొడిగే తొడుగు). ఇంకో మాట, మస్తు రోజులు నొప్పి ఉండి ఒక్కసారి దానంతట అదే పోయిందంటే నయమైనట్టు కాదు, లోపల నరం సచ్చిపోయి ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ కింద ఎముకలకు పోతుంటది. గోలీలతోని నొప్పి ఆగుతది గానీ పన్నుల పడ్డ గుంత పూడదు.

స్టెప్ 1: నొప్పి లేనప్పుడే ఒకసారి చూపించుకోండి

ఇంట్ల అందరు, ఏడాదికి ఒక్కసారి. అద్దం ముంగట నిలబడి ఫోన్ లైట్ వేసుకొని చూసుకున్నా నల్లటి చుక్కలు, గుంతలు కనవడ్తయి గానీ రెండు పండ్ల మధ్యల పట్టినయి డాక్టర్‌కే తెలుస్తయి. క్లీనింగ్ చేయిస్తే పండ్లు లూజ్ అయితయని మనోళ్ళకు ఒక భయం ఉంది, అది తప్పు. పండ్లు లూజయ్యేది చిగుళ్ళ కింద గట్టిపడ్డ గార వల్ల, అది బ్రష్‌తోని పోదు, గార తీసేస్తే దాని కింద అప్పటికే లూజైన పన్ను బయటపడుతది అంతే. షుగర్ ఉన్నోళ్ళకు చిగుళ్ళు తొందరగ పాడైతయి, వాళ్ళు మాత్రం దీన్ని అస్సలు వాయిదా వెయ్యొద్దు.

స్టెప్ 2: పిల్లల ఆరేండ్ల పన్నును కాపాడండి

ఇది అన్నిటికన్నా ఎక్కువ పైసలు మిగిల్చే పని, చాలామందికి తెలువది కూడా. పిల్లలకు ఆరేండ్లప్పుడు పాల పండ్లన్నిటి వెనకాల, పైన రెండు కింద రెండు దవడ పండ్లు వస్తయి. ఏ పన్ను ఊడకుండనే కొత్తగ వస్తయి కాబట్టి అమ్మానాన్నలు అవి కూడా పాల పండ్లే అనుకుంటరు, పుచ్చిపోతే ఏమైతది ఊడిపోయి మళ్ళ వస్తది కదా అని ఊకుంటరు. అవి ఊడయి, మళ్ళ రావు. ముసలితనం దాక నమిలేది వాటితోనే. పదేండ్ల పోరనికి ఆ పన్నుకు రూట్ కెనాల్ చేయించాల్సి వస్తే ఆ ఖర్చు, ఆ ఏడుపు రెండూ మనకెందుకు?

అందుకే ఆ పండ్లు పూర్తిగా బయటికి రాంగనే డాక్టర్‌ను సీలెంట్ అని అడగండి, పన్ను మీద ఉండే సన్నటి గీతలను మూసేసే పూత అది, నొప్పి ఉండదు, ఇంజెక్షన్ ఉండదు, సిమెంటు కన్నా చిన్న పని. రాత్రి పండుకునే ముందు ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్‌తోని తోమించండి, ట్యూబ్ వెనకాల 1000 పీపీఎం లేదా అంతకంటే ఎక్కువ అని ఉందా చూడండి, మూడేండ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేండ్ల దాక బఠానీ గింజంత చాలు. సర్కార్ బడులకు, అంగన్‌వాడీలకు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే సర్కార్ స్కీం) టీం వచ్చి పిల్లల్ని చూస్తది, ఆ చెకప్‌ల పండ్లు కూడా ఉంటయి, ఆ రోజు పిల్లను బడికి పంపండి, పండ్ల గురించి ఏం రాసిండ్రో మరునాడు టీచర్‌ను అడగండి.

స్టెప్ 3: ఏ పని ఎక్కడ చేయించాలో చూసుకోండి

పన్ను పీకించుడు, క్లీనింగ్, సిమెంటు లాంటివాటికి ముందు వరంగల్ సర్కార్ పెద్ద దవాఖాన ఎంజీఎంల డెంటల్ ఓపీ. పొద్దున్నే పోయి చీటీ తీసుకోవాలె, లైన్ ఉంటది, ఒక పూట పోతది, ఆ మాట నిజమే, కానీ పైసలు మిగులుతయి. నర్సంపేట, పరకాల, ములుగు సైడోళ్ళు ముందుగాల దగ్గర్ల ఉన్న సర్కార్ దవాఖానల డెంటల్ డాక్టర్ ఏయే రోజులు కూర్చుంటరో కనుక్కోండి, ఊకే వరంగల్ దాక రావద్దు.

రూట్ కెనాల్, క్యాప్, కట్టుడు పండ్ల సెట్టు లాంటి పెద్ద పనులకు డెంటల్ కాలేజీలు చూడండి. ఖమ్మంల మమత డెంటల్ కాలేజీ ఉంది, వరంగల్ స్టేషన్‌ల రైలెక్కితే నేరుగా పోవచ్చు. హైదరాబాద్‌ల గవర్నమెంట్ డెంటల్ కాలేజీ అఫ్జల్‌గంజ్‌ల ఉంటది, ఎంజీబీఎస్ బస్టాండుకు దగ్గరే, మహాలక్ష్మి స్కీం ఉంది కాబట్టి ఆడోళ్ళకు ఎక్స్‌ప్రెస్ బస్సుల టికెట్ ఖర్చు కూడా లేదు, ఆధార్ పెట్టుకుంటే చాలు. కాలేజీల చేసేది స్టూడెంట్సే గానీ పక్కన సార్లు ఉండి ప్రతి స్టెప్ చెక్ చేస్తరు, అందుకే ఒక పనికి నాలుగైదు సార్లు తిరగాల్సి రావచ్చు. రోజు కూలీ పోగొట్టుకొని అన్నిసార్లు పోతే మిగిలేది ఎంతో ముందే లెక్క వేసుకోండి, ఒక్క పన్ను కోసమైతే లాభం లేకపోవచ్చు, మూడు నాలుగు పండ్ల పని ఉంటే మాత్రం మస్తు తేడా వస్తది.

స్టెప్ 4: ప్రైవేట్ క్లినిక్‌ల ఈ మాటలు అడగండి

నక్కలగుట్ట, కిషన్‌పుర, హనుమకొండ చౌరస్తా, ఎటు చూసినా క్లినిక్‌లే, రేట్లు ఒకదానికి ఒకటి కలవవు. మొహమాటపడకుండ అడగాలె.

ముందు ఎక్స్‌రే మీ వాట్సాప్‌కు పంపమనండి, పైసలు కట్టింది మీరే. ఇంకో డాక్టర్‌కు చూపించాల్సి వస్తే మళ్ళ తీయించే పని ఉండదు. తర్వాత మొత్తం ఎంతయితదో కాగితం మీద రాసియ్యమనండి, రూట్ కెనాల్ అని చెప్పిన రేటుల క్యాప్ కలిసి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న, చాలామంది అక్కడనే దెబ్బతింటరు. ఇవ్వాళ ఏది తప్పకుండ చెయ్యాలె, ఆర్నెల్లు ఆగినా ఏం కానిది ఏది అని కూడా అడగండి. మంచి డాక్టర్ విడదీసి చెప్తడు, అప్పుడు పైసలు వచ్చినకొద్దీ చేయించుకోవచ్చు. ఒకేసారి అయిదారు పండ్లకు రూట్ కెనాల్ అంటే ఎక్స్‌రే తీసుకొని ఇంకో కాడ చూపించుకున్నంకనే ఒప్పుకోండి.

క్యాప్‌ల మెటల్, మెటల్ మీద సిరామిక్, జిర్కోనియా అని రకాలుంటయి. నవ్వితే కనిపించే పన్నుకు సిరామిక్కో జిర్కోనియానో కావాలె గానీ అన్నిటికన్నా వెనకాల ఉన్న దవడ పన్నుకు మెటల్ క్యాప్ గట్టిగనే ఉంటది, తక్కువల అయితది, లోపల ఎవరు చూస్తరు? కానీ క్యాప్ మొత్తానికే వద్దని రూట్ కెనాల్ ఒక్కటి చేయించుకొని ఊకుంటే మాత్రం నష్టం, ఆ దవడ పన్ను పెళుసుగ ఉంటది, సంక్రాంతికి సకినం కొరికినప్పుడు పగిలిందంటే పెట్టిన పైసలన్నీ పోయినట్టే. జ్ఞాన దంతం పీకించుకుంటే మాత్రం దాని జాగల మళ్ళ పన్ను పెట్టించుకునే అవసరం లేదు.

స్టెప్ 5: మీకున్న కార్డులు చూడండి

సిమెంటు, రూట్ కెనాల్ లాంటి మామూలు పనులకు ఆరోగ్యశ్రీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఆక్సిడెంట్ల దవడ విరిగితే మాత్రం దవాఖానల ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రను తప్పకుండ అడగండి. జీతంల ఈఎస్ఐ కట్ అయ్యేటోళ్ళకు డెంటల్ వైద్యం అందులనే ఉంటది, చాలామంది వాడుకోనే వాడుకోరు. సర్కార్ ఉద్యోగులు, పెన్షనర్లు ఈహెచ్ఎస్ (ఉద్యోగుల హెల్త్ స్కీం)ల, రైల్వేవాళ్ళు కాజీపేట రైల్వే దవాఖానల, సింగరేణోళ్ళు కంపెనీ దవాఖానల ముందు అడిగి ఆ తర్వాతనే జేబుల చెయ్యి పెట్టండి. డాక్టర్ రాసిన మందులు జన ఔషధి షాపుల తక్కువకు దొరుకుతయి, చీటీ మీద కంపెనీ పేరు కాకుండ మందు అసలు పేరు (జనరిక్ పేరు) రాయించుకోండి.

స్టెప్ 6: వీటికి పైసలు పెట్టకండి

రోడ్డు పక్కన, ఊర్లల్ల ఒక్క రోజుల ఫిక్స్ పన్ను పెడతమనేటోళ్ళ దగ్గరికి పోవద్దు. పక్క పండ్లకు ప్లాస్టిక్ లాంటిది అతికించి పెడతరు, దాని కింద తిండి ఇరుక్కొని మంచిగున్న రెండు పండ్లు కూడా పోతయి. బీడీఎస్, ఎండీఎస్ చదివి డెంటల్ కౌన్సిల్‌ల రిజిస్టర్ అయినోళ్ళే ఈ పని చెయ్యాలె. బొగ్గు పొడి, ఇటుక పొడితోని రుద్దుడు కూడా బంద్ చేయండి, పైపొర అరిగిపోతది. చిన్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగినోళ్ళకు పండ్ల మీద పసుపు, గోధుమ రంగు మరకలుంటయి, అవి పన్ను తయారయ్యేటప్పుడే పడ్డయి, ఎన్నిసార్లు క్లీనింగ్ చేయించినా పోవు.

స్టెప్ 7: ఈ లక్షణాలుంటే పైసల లెక్క పక్కన పెట్టండి

చెంప, దవడ కింద వాచి జ్వరం వచ్చినా, మింగుడు కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా రాత్రయినా సరే ఎంజీఎం క్యాజువాలిటీకి పోవాలె, ఆ ఇన్ఫెక్షన్ గొంతుకు దిగితే ఊపిరి అందదు. గుట్కా, అంబర్ లాంటి పొగాకు వేసేటోళ్ళు మీ ఇంట్ల ఉంటే వాళ్ళ మూడు వేళ్ళు నిలువుగ నోట్లె పట్టుతున్నయా చూడమనండి. పట్టకపోయినా, కారం తింటే నోరు మండుతున్నా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా, తెల్లటి మచ్చ కనవడ్డా, నొప్పి లేదు కదా అని ఊకోకుండ ఈ వారంల డెంటల్ ఓపీకి తీస్కపోండి.