వానలు ముదరకముందే ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి: కీలు, సర్టిఫికెట్లు లోడ్ చేసే ప్రోగ్రాములకు జాగ్రత్తలు

మొన్న గాలివానకి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక జీడిపప్పు వ్యాపారి బిల్లింగ్ సర్వర్ రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా పనిచేయలేదు. కరెంటు పోయింది, యూపీఎస్ కాసేపు మోసి చేతులెత్తేసింది. కరెంటొచ్చాక మెషీన్ మామూలుగానే లేచింది. సర్వీసు నడుస్తోందని చూపిస్తోంది, పోర్టు తెరిచే ఉంది. కాని ఆంధ్రలో ఉన్న కాశీబుగ్గ గోదాం నుంచి గాని, బరంపురం కొట్టు నుంచి గాని ఒక్క కనెక్షనూ కుదరలేదు. లాగ్‌లో ‘నో షేర్డ్ సైఫర్’ (ఇద్దరికీ తెలిసిన సంకేత పద్ధతి లేదు) అని వరసగా పడుతోంది. అది చూసి కుర్రాళ్లు తెల్లవార్లూ సైఫర్ల జాబితా మారుస్తూ కూర్చున్నారు. సైఫర్లలో ఏ దోషమూ లేదు. సర్వర్ దగ్గర తానెవరో రుజువు చూపే సర్టిఫికెట్టే అసలు లేదు. సర్టిఫికెట్ లేని సర్వర్ కూడా అదే మాట చెబుతుంది.

రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. బిల్లు తీసే దారి మూసుకుపోయింది కాబట్టి లోడెక్కించిన లారీ గోదాం గేటు దగ్గరే నిలబడిపోయింది.

ప్రైవేట్ కీని, అంటే సర్టిఫికెట్‌కి జతగా ఉండే రహస్య తాళంచెవిని, వాట్సాప్‌లో పంపొద్దనీ, ఫైలు పర్మిషన్లు బిగించమనీ ఇక్కడ చెప్పను. అవి మీకు తెలుసు. తెలిసినవాళ్ల కొంప కూడా ముంచుతున్న తప్పు ఒకటుంది, దాని గురించే చెబుతాను.

ఇప్పుడే ఎందుకు

కీ ఫైలు పాడైన రోజున ప్రమాదం బయటపడదు. ప్రోగ్రాం దాన్ని మళ్లీ చదివే రోజున బయటపడుతుంది. నడుస్తున్న సర్వీసు మెమరీలో పాత కీ, పాత సర్టిఫికెట్, పాత లైబ్రరీ భద్రంగా ఉంటాయి. డిస్క్ మీద ఏం మారినా దానికి పట్టదు. మన గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో ఆ రీస్టార్ట్ ఎప్పుడొస్తుందో మనం నిర్ణయించం, గాలివాన నిర్ణయిస్తుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస పక్కన తీరం దాటాక ఇటు పర్లాకిమిడి దాకా కరెంటు పరిస్థితి ఎలా ఉందో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

దానికి తోడు సర్టిఫికెట్ల రెన్యూవల్స్ దగ్గర దగ్గరగా వస్తున్నాయి. పబ్లిక్ టీఎల్ఎస్ (కనెక్షన్‌ని గుప్తంగా ఉంచే పద్ధతి) సర్టిఫికెట్లకి అంతకుముందు 398 రోజుల దాకా ఆయుష్షు ఉండేది. 2026 మార్చి 15 నుంచి ఇచ్చేవాటికి గరిష్ఠం 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. ఈ పనులు చేసే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, దాని 3.0 వెర్షన్‌కి మద్దతు 2026 సెప్టెంబర్ 7 దాకానే. అంటే ఫైళ్లు మార్చడం, లైబ్రరీ మార్చడం, కరెంటు పోవడం, మూడూ ఒకే కాలంలో వచ్చి పడతాయి.

కొంప ముంచే ఆ ఒక్క తప్పు

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 1.1.1 నుంచి స్టోర్ అనే ఏపీఐ (ప్రోగ్రాములు పిలుచుకునే ఫంక్షన్ల గుంపు) ఉంది. ఒక చిరునామా ఇచ్చి ఓపెన్ చేస్తాం. అది ఫైలు కావచ్చు, డైరెక్టరీ కావచ్చు, అదనపు మాడ్యూల్ ఉంటే పీకేసీఎస్ 11 (టోకెన్లతో మాట్లాడే ప్రమాణం) చిరునామా ఉన్న టోకెన్, అంటే కీ దాచే చిన్న పరికరం, కావచ్చు. తరవాత లోడ్ ఫంక్షన్ని పిలిచిన ప్రతిసారీ ఒక వస్తువు వస్తుంది: కీ, సర్టిఫికెట్, లేదా రద్దు జాబితా (రద్దైన సర్టిఫికెట్ల పట్టిక). చివర్న క్లోజ్ చేస్తాం. వాడడానికి చాలా సుఖం.

లోడ్ ఫంక్షన్ రెండు సందర్భాల్లో నల్ (ఏమీ లేదనే విలువ) ఇస్తుంది: ఇక చదవడానికి ఏమీ మిగలనప్పుడు, చదవబోయి చదవలేకపోయినప్పుడు. సంచీ ఖాళీగా తెచ్చినవాణ్ణి సరుకు అయిపోయిందా, గోదాం తాళమే రాలేదా అని అడగాలి కదా. అడగడానికే ఈఓఎఫ్ (చివరికొచ్చామా) ఫంక్షన్, ఎర్రర్ (తప్పు జరిగిందా) ఫంక్షన్ పెట్టారు. నేను చూసిన కోడ్‌లో ఎక్కువ భాగం ఏదీ అడగదు. ‘నల్ రానంతవరకు లోడ్ చేస్తూ పో’ అని లూప్ రాసేస్తారు. మొదటి ఎర్రర్‌కే లూప్ హాయిగా ముగుస్తుంది. ఎర్రర్ సందేశం లైబ్రరీ క్యూలో పడి ఉంటుంది, దాన్ని ఎవరూ ప్రింట్ చేయరు. ప్రోగ్రాం వట్టి చేతులతో ముందుకు పోతుంది.

పర్లాకిమిడిలో జరిగింది సరిగ్గా ఇదే. వాళ్ల కీ, సర్టిఫికెట్ పాత పీఎఫ్ఎక్స్ ఫైల్లో (రెండిటినీ పాస్‌వర్డ్‌తో కట్టి ఉంచే మూట) ఉన్నాయి. దాని లోపల ఆర్‌సీ2 అనే పాతకాలపు 40 బిట్ల ఎన్‌క్రిప్షన్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 నుంచి ఆ అల్గారిథం లెగసీ ప్రొవైడర్ అనే విడి భాగంలోకి పోయింది, మామూలుగా లోడ్ అవదు. కొత్త లైబ్రరీతో కట్టిన ప్రోగ్రాం ఎప్పుడో ఎక్కించేశారు, రీస్టార్ట్ మాత్రం తీరిగ్గా చేద్దామని వదిలేశారు. కరెంటు పోయిన రాత్రి ఆ కొత్త ప్రోగ్రాం మొదటిసారి ఆ ఫైలు తెరిచింది, చదవలేకపోయింది, నల్ ఇచ్చింది. పైనున్న కోడ్ దాన్ని ‘అయిపోయింది’ అని చదువుకుంది.

నల్ అంటే అయిపోయిందని కాదు. ఎర్రర్ లేకుండా ఈఓఎఫ్ అవును అంటేనే అయిపోయినట్టు.

రద్దు జాబితాల దగ్గర ఇదే తప్పు ఇంకా ప్రమాదం. జాబితా దొరికితేనే తనిఖీ పెట్టుకునే ప్రోగ్రాములున్నాయి. జాబితా చదవడంలో ఎర్రర్ వస్తే అలాంటి ప్రోగ్రాం రద్దైన సర్టిఫికెట్‌ని కూడా లోపలికి రానిస్తుంది. లాగ్‌లో ఏమీ పడదు, ఎవరూ ఫోన్ చేయరు.

టోకెన్లు వాడేవాళ్లు

ఈ లూప్ తప్పని తెలిశాక కొందరు ఇంకో గోతిలో పడతారు: నల్ వస్తే మళ్లీ లోడ్, మళ్లీ నల్, మళ్లీ లోడ్. ఫైలైతే ప్రోగ్రాం ఊరికే తిరుగుతుంది. డిజిటల్ సంతకం టోకెన్ అయితే, ఆ ఎర్రర్ పిన్ తప్పువల్ల వచ్చిందైతే, ప్రతి ప్రయత్నం ఒక తప్పు పిన్ కింద లెక్క. టోకెన్ లాక్ అవుతుంది. దాన్ని మళ్లీ ఇనీషియలైజ్ చేస్తే లోపలి కీ పోతుంది. టెండర్ గడువు రేపనగా కొత్త సంతకానికి వీడియో వెరిఫికేషన్ నుంచి మొదలుపెట్టాలి. ఎర్రర్ వస్తే ఆగండి. మళ్లీ ప్రయత్నించాలా వద్దా అన్నది మనిషి చూసి చెప్పాలి.

పిన్‌ని పీకేసీఎస్ 11 చిరునామాలో రాయకండి. చిరునామా లాగ్‌లోకి వెళ్లొచ్చు, కమాండ్‌లో ఇస్తే ప్రాసెస్‌ల జాబితాలో కనిపిస్తుంది.

వానల ముందు చేయాల్సినవి

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పాటే స్టోర్‌యుటిల్ (storeutl) అనే కమాండ్ వస్తుంది. ప్రోగ్రాం చదివే చిరునామానే దానికివ్వండి. చివర్న ‘టోటల్ ఫౌండ్’ అని ఎన్ని దొరికాయో లెక్క చెబుతుంది. ఒక కీ, మూడు సర్టిఫికెట్లు ఉండాల్సిన చోట రెండే అంటే అక్కడే ఆగండి.

ఆ కమాండ్‌ని రూట్‌గా (అన్ని హక్కులున్న యూజర్‌గా) నడపకండి. సర్వీసు ఏ యూజర్ కింద నడుస్తుందో ఆ యూజర్‌గానే నడపండి. రూట్‌కి అన్నీ కనిపిస్తాయి, సర్వీసుకి కనిపించవు.

పాత పీఎఫ్ఎక్స్‌ని లెగసీ ఆప్షన్‌తో ఒక్కసారి తెరిచి, కొత్త ఎన్‌క్రిప్షన్‌తో మళ్లీ కట్టుకోండి. సర్వర్లో లెగసీ ప్రొవైడర్ని శాశ్వతంగా ఆన్ చేసి వదిలేయకండి. మధ్యలో పుట్టిన తాత్కాలిక ఫైలు చెరిపేయండి.

డైరెక్టరీ ఇస్తే సర్టిఫికెట్లు రావు, పేర్లు వస్తాయి. ఒక్కో పేరునీ మళ్లీ ఓపెన్ చేయాలి.

మీకు కావాల్సిన రకం చెప్పే ఎక్స్‌పెక్ట్ ఫంక్షన్ని మొదటి లోడ్‌కి ముందే పిలవాలి. తరవాత కాదు.

మొదట వచ్చిన సర్టిఫికెట్టే మీదని అనుకోవద్దు. ప్రైవేట్ కీతో ఏది జతపడుతుందో సరిచూసే ఫంక్షన్ ఉంది, దాన్ని వాడండి.

పేరులో గెట్0 ఉన్న ఫంక్షన్‌తో తీసుకున్న కీ మీది కాదు. లోడ్ ఇచ్చిన వస్తువుని (ఇన్ఫో) ఫ్రీ చేశాక దాన్ని ముట్టుకోవద్దు. దాచుకోవాలంటే గెట్1.

పాస్‌వర్డ్ అందించే ఫంక్షన్ మీరే రాసి ఇవ్వండి. రాత్రి రెండింటికి దానంతట అది లేచే సర్వీసుకి టెర్మినల్ ముందు కూర్చుని టైప్ చేసేవాడెవడూ ఉండడు.

బయటివాళ్లు పంపిన పేరుని స్టోర్‌కి చిరునామాగా ఇవ్వకండి.

ప్రతి నల్ తరవాత ఎర్రర్ క్యూ మొత్తం లాగ్‌లోకి రాయండి. ఒక్క లైను చాలదు, మొత్తం.

కీ రాకపోతే పోర్టు తెరవకండి. సర్టిఫికెట్ రాకపోతే పోర్టు తెరవకండి. ప్రోగ్రాం పెద్దగా అరిచి ఆగిపోవాలి. సగం లేచిన సర్వర్ కంటే లేవని సర్వర్ మేలు, కారణం అప్పుడే తెలుస్తుంది.

కోడ్‌లో లోడ్ ఫంక్షన్ని పిలిచిన ప్రతి చోటా వెతకండి. పక్కన ఈఓఎఫ్, ఎర్రర్ తనిఖీలు లేకపోతే ఈ రోజే రాయండి. నల్ అంటే అయిపోయిందని కాదు.

రెన్యూ చేసిన రోజే రీస్టార్ట్ చేయండి. లైబ్రరీ మార్చిన రోజే రీస్టార్ట్ చేయండి. పగలు, కొట్లు తెరవకముందు, మీరు మెషీన్ ముందుండగా చేయండి. లేచాక ఇంకో ఊరి నుంచి, ఇంకో మెషీన్ నుంచి కనెక్ట్ అయి చూడండి. పాత ఫైలు, పాత ప్రోగ్రాం రెండూ పక్కన ఉంచుకుని చేయండి.

ఒక పాడైన ఫైలు కావాలనే పెట్టి కూడా చూడండి. ప్రోగ్రాం నోరు మూసుకుని లేచిందంటే మీ కోడ్‌లోనూ అదే లూప్ ఉంది.