సంగీతం విని బొమ్మ వేద్దాం – 5: పదిహేను గళ్ళు ఊరుకుంటేనే

పోయినసారి ఇచ్చిన పని చిన్నదే. మాటల్లేని సంగీతం ఏదైనా రెండు నిమిషాలు విని, 20 సెంటీమీటర్ల చదరంలో గీతలు, ఆకారాలతో వేయమన్నాను. చూసేవాళ్ళ కన్ను మొదట ఒక్కచోటే ఆగాలన్నాను. నిజానికి ఈ పాఠంలో లయ మొదలుపెట్టాలి. మీ బొమ్మలు చూశాక అది ఆరో పాఠానికి జరిగింది.

స్వరాల గుర్తులు, గిటార్లు, హెడ్‌ఫోన్లు వేసినవాళ్ళకి ఒక్క మాట: అవి పక్కన పెట్టి మళ్ళీ వేయండి. గిటారు బొమ్మ చూస్తే గిటారే గుర్తొస్తుంది. మీరు విన్నది జోలపాటో, రణభేరో తెలియదు. దీని గురించి ఇంక చెప్పను.

అసలు గొడవ వేరే. ఒక బొమ్మలో మధ్యన ఎర్రటి వలయం, దాని పక్కనే నారింజ త్రికోణం, కింద నీలం మెరుపు గీతలు, మూలన నల్లటి దిమ్మ. ఎంఫసిస్, అంటే కన్ను మొదట ఆగే చోటు, ఎర్ర వలయం దగ్గర అని కింద రాశారు కూడా. రాస్తే తప్ప తెలియలేదంటే అది అక్కడ లేనట్టే. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరు? చదువుకునే రోజుల్లో నేనూ ఇదే చేశాను. మా మాస్టారు ఏమీ అనలేదు. నేను ముఖ్యమనుకున్న చోటుని బొటనవేలితో మూశారు. బొమ్మలో మార్పేమీ లేదు. వేలు తీశారు. అప్పుడూ అంతే. అప్పటి నుంచి నాకు అదే పరీక్ష: వేలితో మూయగానే బొమ్మ చప్పబడిపోవాలి.

కంటి కంటే చెవికి ఇది తొందరగా తెలుస్తుంది. ఆస్ట్రియా స్వరకర్త హైడన్ 1791లో ఆర్కెస్ట్రా కోసం రాసిన 94వ సింఫనీ రెండో భాగం వినండి. దాన్ని 'సర్‌ప్రైజ్' అని పిలుస్తారు. మొదటి 8 బార్లు (బార్ అంటే తాళం లెక్కలో ఒక చిన్న ముక్క) చిన్న సద్దుతో, స్వరాలు రెండేసి చొప్పున మెట్లెక్కి దిగినట్టు నడుస్తాయి. తర్వాత అదే వరస ఇంకా చిన్న సద్దుతో వస్తుంది. 16వ బార్‌లో ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారి ధన్‌మని కొడుతుంది. అందరికీ ఆ దెబ్బే గుర్తుంటుంది. నన్నడిగితే అసలు పనితనం అంతకు ముందు 8 బార్లలో ఉంది. అప్పటికే చిన్నగా ఉన్న సద్దుని ఆయన ఇంకా తగ్గించాడు, చెవి రిక్కించి వినేలా చేశాడు. మీరంతా దెబ్బను ఇంకా గట్టిగా కొట్టడమెలాగా అని చూశారు గానీ, చుట్టూ సద్దు తగ్గించాలని ఎవరికీ తోచలేదు.

దీన్నే కాగితం మీద పెడదాం. 2 సెంటీమీటర్ల గళ్ళు, వరసకు 8, రెండు వరసలు; బార్‌కో గడి. మొదటి వరసలో పెన్సిల్‌తో మధ్యరకం గ్రే చుక్కలు, రెండేసి చొప్పున పైకెక్కుతూ దిగుతూ. రెండో వరసలో అవే చుక్కలు. చివరి గడి మొత్తం నలుపు. నేను మొదట వేసినప్పుడు రెండు వరసలూ ఒకే ముదురులో వచ్చాయి, నల్ల గడి సిరా ఒలికినట్టు కనిపించింది. రబ్బరు తీసుకుని రెండో వరస చుక్కల్ని సగానికి సగం లేత చేశాను. నల్ల గడిని ముట్టుకోనేలేదు, అయినా దెబ్బ పడింది.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్ళు మండే విషయం. "ఎరుపు మీద ఆకుపచ్చ వేశానండీ, ఇంకేం కాంట్రాస్ట్ కావాలి?" అని చాలామంది అడిగారు. రంగులు వేరైనంత మాత్రాన ముదురు, లేత వేరైనట్టు కాదు. స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు 0 నుంచి 255 దాకా అంకెలుంటాయి; అందులో 255 ఎరుపు పక్కన 148 ఆకుపచ్చ పెట్టండి, మిగతావన్నీ సున్నా. రెండూ కళ్ళలో పొడుస్తాయి, కానీ రెండింటి వెలుగూ దాదాపు ఒకటే. గ్రేలోకి మారిస్తే వలయం ఏదో, వెనకున్నది ఏదో తెలియదు. "మార్చి చూశాం, బాగానే ఉంది" అన్నవాళ్ళూ ఉన్నారు. ఎలా మార్చారంటే, శాచురేషన్ (రంగు గాఢత) స్లైడర్‌ని సున్నాకి లాగారట! కొన్ని సాఫ్ట్‌వేర్లలో అది కంటి లెక్క చూడదు. దాంట్లో పచ్చి పసుపు, పచ్చి నీలం రెండూ ఒకే గ్రే అయి కూర్చుంటాయి. పసుపెంత లేత, నీలమెంత ముదురు! మన కంటికి తెలిసే వెలుగులో, స్క్రీన్ లెక్క ప్రకారం, ఆకుపచ్చ వంతు దాదాపు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7 మాత్రమే. అందుకని ఆ స్లైడర్ జోలికి వెళ్ళకండి. ఫోన్‌లో స్క్రీన్ మొత్తాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసే సెట్టింగ్ ఉంటుంది, అది వాడండి. కాగితం మీదైతే కళ్ళు సగం మూసి చూస్తే చాలు. నేనైతే గ్రేలో బొమ్మ నిలబడేదాకా రంగు ట్యూబు మూతే తీయను. ఇది అందరి పద్ధతీ కాదు, నా చాదస్తం అనుకోండి.

ఒకరు మంచి ప్రశ్న వేశారు. డచ్ చిత్రకారుడు మాండ్రియాన్ 1942–43లో వేసిన 'బ్రాడ్‌వే బూగీ వూగీ'లో (బూగీ వూగీ అంటే ఒక రకం పియానో సంగీతం) ఎక్కడ చూసినా చిన్న చిన్న గళ్ళే కదా, అక్కడ ఎంఫసిస్ ఏది అని. ఒక్కచోట లేదు, నిజమే. ఆయనకు కావలసింది ఆగకుండా నడిచే బీట్. కానీ పొడుగాటి గీతలకు ఏ రంగు వాడాడో చూడండి. పసుపు. వెనకున్న తెలుపుకి అన్నిటికంటే దగ్గరి రంగు. దాని మీద ఎరుపు, నీలం ముక్కలు టకటకా మోగుతాయి. గీతలే నీలమై, ముక్కలు పసుపైతే ఏమయ్యేదో ఒకసారి వేసి చూసుకోండి.

ఈసారి పని ఎక్కువే, గొణుక్కోవద్దు. మీకు నచ్చిన సంగీతంలోంచి 16 బార్ల ముక్క తీసుకోండి. 16 గళ్ళ కాగితాలు ఆరు, అన్నీ పెన్సిల్‌తోనే. రెండింటిలో ముదురుతో, రెండింటిలో సైజుతో, రెండింటిలో చుట్టూ ఖాళీ వదిలి ఎంఫసిస్ తేవాలి. ఒక్కోదానికి అరగంట మించి కూర్చోవద్దు. ఆరింటినీ బొటనవేలితో మూసి చూశాక, నెగ్గినదాంట్లో ఒకే ఒక్క గడికి రంగు వేయండి. ఏ గడికో నేను చెప్పను. ఆరూ ఓడిపోతే రంగు లేదు, ఏడోది వేయండి.