మోకాలి ఆపరేషన్ తర్వాత ఫోన్ ఎలా వాడాలి

సంక్రాంతికి ఊళ్ళో వాలీబాల్ ఆడుతూ ఎగిరి దిగేసరికి ఎడమ మోకాలి లోపల టప్ మని చప్పుడైంది. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. వారం తర్వాత ఎమ్మారై తీస్తే ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టుకునే లిగమెంటు) పూర్తిగా తెగిందని తేలింది. ఫిబ్రవరిలో ఆపరేషన్. ఇంటికొచ్చిన రాత్రి నిద్ర పట్టక యూట్యూబ్ తెరిచాను, తెల్లారేసరికి ఓ నలభై వీడియోలు చూసుంటాను, అందులో సగం గ్రాఫ్ట్ (తెగినదాని బదులు ఆపరేషన్‌లో వేసే పట్టీ) మళ్ళీ తెగిపోయిన వాళ్ళ కథలే. అంత చూసి ఒక్క ఎక్సర్‌సైజు కూడా చెయ్యలేదు. ఇప్పుడు పదో నెల నడుస్తోంది. ఈ మధ్యలో తెలిసొచ్చిందేంటంటే, ఫోన్‌లో పక్కవాళ్ళ మోకాళ్ళు చూడటం కంటే మన మోకాలు తెలిసినవాళ్ళకి చూపించుకోవడం వల్లే ఎక్కువ పని జరుగుతుంది. అదెలాగో రాస్తున్నా.

ఏదైనా వెతికే ముందు డిశ్చార్జ్ సమ్మరీ బయటికి తియ్యండి. గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీశారు (తొడ వెనక కండరం నుంచా, చిప్ప కింద నరం లాంటి పట్టీ నుంచా), మినిస్కస్‌కి (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేదానికి) కుట్లు వేశారా లేదా, ఈ రెండూ చూసుకోండి. అర్థం కాకపోతే డాక్టర్‌నే అడిగి రాయించుకోండి, మొహమాటపడొద్దు. మినిస్కస్ కుడితే చాలామందికి కొన్ని వారాల పాటు బరువు మోపడం మీద, మోకాలు వంచడం మీద హద్దు పెడతారు. కుట్టకపోతే అంత ఉండదు. కాబట్టి "రెండో వారానికే కర్రలు వదిలేశా" అని రీల్ పెట్టినతను అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ అతనిది వేరే ఆపరేషన్. పేరు ఒకటే, అంతే.

ఎవరి వీడియోలు చూడాలి? నేను పెట్టుకున్న జల్లెడ ఇది. చెప్పేవాళ్ళు బీపీటీ, ఎంపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీలు) చదివారా లేక ఎముకల డాక్టరా అన్నది ప్రొఫైల్‌లో స్పష్టంగా ఉండాలి. ఆరోగ్యం గురించి సలహాలిచ్చే సర్టిఫైడ్ నిపుణులు తమ అర్హత చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులోనే మార్గదర్శకాలిచ్చింది, కాబట్టి అది వెతుక్కోవాల్సిన పని మనకి ఉండకూడదు. యూట్యూబ్‌లో కొన్ని వీడియోల కింద ఇది ఆసుపత్రి ఛానెల్, ఇది లైసెన్స్ ఉన్న డాక్టర్ ఛానెల్ అని చిన్న పట్టీ వస్తుంది, అదీ చూడండి. ఈ ఎక్సర్‌సైజు ఎవరు చెయ్యకూడదో కూడా చెప్పేవాళ్ళని నమ్మొచ్చు. చివర్లో నూనె, బెల్టు, కోర్సు అమ్మేవాళ్ళని దాటేయండి.

వీడియో ఏ సంవత్సరానిదో కూడా చూడాలి. దెబ్బ తగిలితే విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే "రైస్" సూత్రాన్ని 1978లో చెప్పింది అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కిన్. ఐసు వల్ల, పూర్తి విశ్రాంతి వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని తర్వాత ఆయనే మాట మార్చుకున్నాడు. పాత వీడియోలకి మాత్రం ఆ సంగతి తెలియదు కదా! ఐసు పెట్టాలా వద్దా అన్నది మీ ఫిజియో చెప్పినట్టు చెయ్యండి. ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గడానికి నాకైతే పెట్టమనే అన్నారు.

బాగున్నాయనుకున్న వాటిని ఒక ప్లేలిస్ట్‌లో పెట్టండి, ఐదారుకి మించొద్దు. తర్వాతి సెషన్‌లో దాన్ని ఫిజియోకి చూపించండి. నేను ఎనిమిది తీసుకెళ్తే మా ఫిజియో మేడమ్ మూడు కొట్టేశారు. ఒకటి మరీ ముఖ్యమైనది. మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుందని ఎవరో రీల్‌లో చెబితే నాలుగు రోజులు అలాగే పడుకున్నాను, నిజంగానే హాయిగా ఉంది. ఆవిడ చూసి తిట్టినంత పని చేశారు. మోకాలు వంగి ఉండటానికి అలవాటు పడితే పూర్తిగా చాచడం రాదట, మొదటి వారాల్లో అన్నిటికంటే అవసరమైంది ఆ చాచడమేనట. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టించారు, మోకాలి కింద ఖాళీ ఉండేలా. పది నిమిషాలు అలా ఉంచితే చుక్కలు కనిపించాయి, కానీ కాలు సాగింది.

ఇక చూపించడం సంగతి. వారానికి రెండు సెషన్లకే వెళ్ళగలిగేవాణ్ణి, మిగతా ఐదు రోజులు వాట్సాప్‌లో వీడియో. ముందు ఆవిడ్ని అడిగి, ఏ టైంలో పంపొచ్చో, దానికి ఫీజు ఎంతో మాట్లాడుకున్నాను. అడక్కుండా రాత్రి పదకొండుకి పంపి బ్లూ టిక్ కోసం చూడటం పద్ధతి కాదు.

నిక్కరు వేసుకోండి, లుంగీ పైకి లాగినా తొడ సరిగ్గా కనపడదు. ఫోన్‌ని మనిషి చేతికివ్వకండి, స్టూలు మీద డబ్బాకి ఆనించి, మోకాలి ఎత్తులో, సరిగ్గా పక్క నుంచి పెట్టండి. పైనుంచి తీస్తే కాలు ఎంత వంగిందో తెలియదు. వెలుతురు కెమెరా వెనక నుంచి రావాలి. ఒక్కో ఎక్సర్‌సైజుకి ఇరవై సెకన్లు చాలు, ముందు బాగున్న కాలు, తర్వాత ఆపరేషన్ కాలు. పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కండి. రోజూ అదే మంచం, అదే మూల అయితే వారం వారం తేడా ఇట్టే తెలుస్తుంది.

వీడియోతో పాటు నేను పంపే మెసేజ్ ఇలా ఉండేది:

"మేడమ్ నమస్తే. ఆపరేషన్ అయి 19వ రోజు. తొడ బిగించడం 3 సార్లు x 10, మడమ జరపడం 2 సార్లు x 15 చేశాను. చేసేటప్పుడు నొప్పి పదికి 3, రాత్రి 4. ఈ పొద్దున వాపు చిప్ప మధ్యలో 41 సెంటీమీటర్లు, నిన్న 40. నిన్న మెట్లు రెండుసార్లు ఎక్కాను. ఇవాళ తగ్గించాలా?"

ఆ 41 టైలర్ టేపుతో కొలిచింది. రోజూ నిద్ర లేవగానే, కాలు చాపి, చిప్ప మధ్యలో. చేసినప్పుడు నొప్పి లేకపోయినా మర్నాడు పొద్దున వాపు పెరిగితే నిన్న ఎక్కువ చేసినట్టే లెక్క, అందుకే మర్నాటి కొలత ముఖ్యం. "మేడమ్ కొంచెం నొప్పిగా ఉంది" అని పంపితే ఆవిడ మాత్రం ఏం చెప్పగలరు?

డాక్టర్లు వాట్సాప్‌లో, వీడియో కాల్‌లో సలహా ఇవ్వడానికి 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అవకాశమిస్తున్నాయి. కానీ కొన్ని విషయాలకి మెసేజ్ పెట్టి కూర్చోకూడదు. పిక్క ఒక్కసారిగా వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా ఫోటో పంపి రిప్లై కోసం ఆగకుండా వెళ్ళిపోండి.

ఫ్యామిలీ గ్రూపు వేరే పురాణం. మా మామయ్య మొదటి రోజే "పుత్తూరు కట్టు కట్టించండి" అన్నాడు, పిన్ని నల్లేరు పచ్చడి ఎలా చెయ్యాలో వీడియో ఫార్వర్డ్ చేసింది. తెగింది ఎముక కాదు మామయ్యా, లిగమెంటు అని ఎన్నిసార్లు చెప్పానో. పచ్చడి బాగుంది, తిన్నాను. రెండు బాణాల గుర్తుతో "ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్" అని వచ్చినవి మాత్రం ఎవరు పంపినా పాటించకండి. అందరూ ఫోన్ చేసి అదే అడుగుతుంటే విసుగొస్తుంది కదా, ఆదివారం ఒక నిమిషం వాయిస్ మెసేజ్ గ్రూపులో పెట్టేయండి, డాలస్‌లో ఉన్న అన్నయ్యకీ ఊళ్ళో ఉన్న అత్తకీ ఒకేసారి చేరిపోతుంది.

ఫేస్‌బుక్‌లో ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్ళ గ్రూపులున్నాయి. స్నానానికి ఎత్తు స్టూలు ఏది బాగుంటుంది, ఆటోలో కాలు ఎలా పెట్టాలి, రాత్రి మోకాలికి కట్టుకునే బ్రేస్‌తో ఎటు తిరిగి పడుకోవాలి, ఇవన్నీ డాక్టర్ కంటే వాళ్ళే బాగా చెబుతారు. మందుల డోసు, బ్రేస్ ఎప్పుడు తియ్యాలి, పరుగు ఎప్పుడు మొదలెట్టాలి అని అక్కడ అడక్కండి. ఎమ్మారై పోస్ట్ చేసేటప్పుడు మీ పేరు, ఫోన్ నంబరు కత్తిరించండి.

రోజుల లెక్కల పోటీ మాత్రం వద్దు. రిషబ్ పంత్ 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు తెగాక కర్రలతో నడిచిన ఫోటో, నీళ్ళలో నడిచిన వీడియో ఇన్‌స్టాలో పెట్టాడు, లక్షలమంది చూశారు. మళ్ళీ ఐపీఎల్ ఆడింది 2024 మార్చి 23న, అంటే దాదాపు పదిహేను నెలలకి. పక్కన నేషనల్ క్రికెట్ అకాడమీ ఫిజియోలు ఉన్న ఆటగాడి సంగతే అది. 2016లో వచ్చిన డెలావేర్-ఓస్లో అధ్యయనంలో, ఆటకి తిరిగెళ్ళడం తొమ్మిది నెలల దాకా ఒక్కో నెల ఆపినకొద్దీ మళ్ళీ దెబ్బ తగిలే రేటు దాదాపు సగం చొప్పున తగ్గింది. ఆరో నెలలోనే నా ఫ్రెండ్స్ రమ్మన్నారు. ఈ అధ్యయనం లింకే పంపి ఊరుకున్నా.

భయపెట్టే రీల్స్ వస్తుంటే "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కుతూ పోండి, యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ తుడిచేయండి, రెండు మూడు రోజుల్లో మళ్ళీ వంటలూ క్రికెట్టూ వస్తాయి.

వీడియోలు డిలీట్ చెయ్యకండి. మూడో నెలలో ఏమీ మారట్లేదని నేను డీలా పడితే మేడమ్ నా మొదటి వారం వీడియో తెరిచి, ఆ రోజు తీసిన దాని పక్కన పెట్టి చూపించారు. మొదటి దాంట్లో మడమ మంచం మీద జానెడు కూడా జరగట్లేదు, వెనక నుంచి మా అమ్మ గొంతు వినిపిస్తోంది, "మెల్లగారా నాన్నా, మెల్లగా" అని.