బాబర్‌కు బండి చూసే పద్ధతి: కోత తక్కువ, విప్పుడు ఎక్కువ

బాబర్, అంటే అదనపు సామాను తీసేసి తేలిక చేసిన ఒంటి సీటు బైకు, కట్టడానికి పాత బండి చూడబోతే ట్యాంకు మెరుపు, సైలెన్సర్ చప్పుడు పక్కన పెట్టి ముందు సీటు తీయించండి. ఆ బండి బాబర్ అవుతుందో లేదో సీటు కిందే తెలుస్తుంది. ఛాపర్ వేరు, బాబర్ వేరు. ఛాపర్‌కు చాసీ కోసి, స్టీరింగ్ మెడ వాలు మార్చి, ఫోర్కులు సాగదీస్తారు. బాబర్ అంటే 1940ల్లో అమెరికాలో బరువు తగ్గించుకోవడానికి ముందు మడ్గార్డు తీసేసి, వెనకది కురచ చేసి, ఒక్కరు కూర్చునే సీటు పెట్టుకున్న బండి. చాసీ జోలికి పోకపోవడమే దాని లక్షణం. అందుకే పానాలతో విప్పుకుంటూ పోతే ముప్పావు వంతు పని అయిపోయే బండిని వెతకాలి. కట్టర్ మిషను ఎంత ఎక్కువ తిరగాల్సి వస్తుందో, ఆ బండి ఎంపిక అంత తప్పు.

దీనికి చట్టం వైపు నుంచి కూడా కారణం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో రాసిన వివరాలకూ కంపెనీ ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ (4) ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనరుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది వెనక కూర్చునేవాళ్లకు పట్టు, ఫుట్‌రెస్టు, వెనక చక్రం సగమైనా కప్పే చీర గార్డు ఉండాలంటుంది. కాబట్టి రోడ్డు మీద తిప్పాలనుకున్న బండికి చాసీ కోయించడం, వేరే ఇంజిన్ పెట్టించడం లాంటివి అనుకునే ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఈ తంటా అసలే వద్దనుకునేవాళ్లకు కంపెనీలు చేసిన బాబర్లే ఉన్నాయి: 2022లో వచ్చిన జావా 42 బాబర్, 2024లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ గోవన్ క్లాసిక్ 350.

సీటు కింద ఏం చూడాలి

రెండు షాకబ్జార్లున్న బండే తీసుకోండి. వాటి పై బోల్టు చాసీ వెనక పైపుకు ఎక్కడ బిగిసిందో చూడండి. ఆ బోల్టు నుంచి ముందుకు ఉన్న పైపంతా బరువు మోసేది. వెనక్కి ఉన్నది వెనక సీటు, క్యారియరు, టెయిల్ లైటు కోసం ఉన్నది. వెనక భాగం పొట్టిగా ఉండి, మడ్గార్డు, సీటు విడిగా బోల్టుల మీద నిలబడితే అది మీ పనికొచ్చే బండి. అనుమతి దొరికి కోత తప్పనిసరి అయినా, బోల్టు మధ్య నుంచి కనీసం 50 మి.మీ. వదిలిపెట్టాకే కోయాలి. రెండు కొసల్నీ అడ్డపైపుతో కలపాలి. కలపకపోతే గుంత తగిలినప్పుడల్లా రెండు పైపులూ దేనికది ఊగి చీలిక వస్తుంది. ఆ చీలిక వెల్డింగ్ గీత మీద కాకుండా దాని పక్కన, వేడి తిన్న ఇనుములో వస్తుంది. అందుకే పైనుంచి ఎంత లావుగా వెల్డింగ్ పోయించినా ఆగదు. వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ వైర్లు, సీడీఐ (ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బా) విప్పి పక్కన పెట్టడం మర్చిపోవద్దు.

యూనికార్న్, ఎఫ్‌జెడ్ లాంటి ఒకే షాకబ్జార్ బండ్లు మంచివే గానీ బాబర్‌కు కుదరవు. తోక తీసేస్తే చక్రం మీద బోసిగా కనిపిస్తుంది. బాబర్‌లో స్టీరింగ్ మెడ నుంచి ట్యాంకు కిందుగా, సీటు మీదుగా, వెనక ఇరుసు వైపు ఒకే వాలు దిగాలి. దీన్ని అక్కడికక్కడే చూసుకోవచ్చు. ఫోన్‌ను ఇరుసు ఎత్తులో పట్టుకుని నాలుగు మీటర్ల దూరం నుంచి బండిని పక్కగా ఫొటో తీయండి. ఫొటోలోనే వెనక సీటు, క్యారియరు, ముందు మడ్గార్డు చెరిపేయండి. మిగిలిన గీత దిగుతూ ఉంటే బండి పనికొస్తుంది. పల్సర్ లాంటి వాటిలో ఆ గీత పైకి లేస్తుంది. దాన్ని దించాలంటే వెనక చాసీ మొత్తం కొత్తగా కట్టాల్సిందే.

ఇంకొకటి, సీటు కింద ఎన్ని వస్తువులున్నాయో లెక్కపెట్టండి: బ్యాటరీ, రెగ్యులేటర్, సీడీఐ, ఇండికేటర్ ఫ్లాషర్, టెయిల్ లైటు వైరింగ్. సింగిల్ సీటు పెట్టాక ఇవన్నీ ఎండకూ వానకూ బయటపడతాయి. చాలా బాబర్లు మూలన పడేది ఇంజిన్ వల్ల కాదు, అతుకులేసిన వైరింగ్ వల్ల.

ఏ బండి తీసుకోవచ్చు

మన దగ్గర దొరికేవాటిలో మొదటి స్థానం రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి, అందులోనూ 2018కి ముందు వచ్చిన, కార్బొరేటర్ ఉండి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసేది) లేని వాటికి ఇవ్వాలి. 346 సీసీ ఇంజిన్, రెండు షాకబ్జార్లు, స్ప్రింగుల సీటు, విడిగా విప్పుకునే వెనక సీటు ఉంటాయి. ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ రెండు పక్కల డబ్బాల్లో కూర్చుంటాయి. క్లాసిక్ 500లో, బీఎస్-6 పొగ నియమాలతో వచ్చిన బండ్లలో పెట్రోల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది కాబట్టి ట్యాంకు మార్చడం తేలిక కాదు. ఏబీఎస్ ఉన్న బండి తీసుకుంటే ఆ ఏబీఎస్‌ను ముట్టుకోకండి. చక్రం సైజు మార్చినా ముందు, వెనక చక్రాల వేగాల లెక్క తప్పి హెచ్చరిక లైటు వెలగొచ్చు.

పాత బుల్లెట్, అంటే కుడి కాలికి గేర్లుండే పోత ఇనుము ఇంజిన్ బండి, చూపుకు అన్నింటికన్నా బాగుంటుంది. కొన్నాళ్లు నిలబెట్టాక మొదటి కిక్కుకు పొగ కక్కితే ఆయిల్ పంపు అరిగి, నూనె ఇంజిన్ కిందికి దిగిపోయిందని అర్థం. ఇది బాగుచేసుకోగలిగిన రోగమే. కానీ అసలు సామాను అంతా చెక్కుచెదరకుండా ఉన్న పాత బుల్లెట్ దొరికితే దాన్ని బాబర్ చేయకండి, ఉన్నదున్నట్టు నడుపుకోండి. ఆర్‌ఎక్స్ 100, యెజ్డీ రోడ్‌కింగ్ విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. రెండూ 1996తో ఆగిపోయిన బండ్లు. ఒకదాన్ని కోస్తే లోకంలో ఒకటి తగ్గినట్టే.

బడ్జెట్ తక్కువైతే బజాజ్ అవెంజర్ మంచి ఎంపిక. 2001 నాటి ఎలిమినేటర్ బైకు వంశం కాబట్టి పుట్టుకతోనే ఎత్తు తక్కువ, పొడవు ఎక్కువ. వెనక 130/90-15 టైరు కంపెనీదే ఉంటుంది, అంటే లావు టైరు కోసం రిమ్ము మార్చే ఖర్చు మిగిలినట్టే. 220 ఇంజిన్‌కు ఆయిల్ కూలర్ ఉంటుంది. మే నెలలో నల్లగొండ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు మీద అది ఎంత మేలో తెలుస్తుంది. స్పోక్ చక్రాలున్నదే చూడండి. అల్లాయ్ చక్రానికి రిమ్ము మార్చడం కుదరదు. ఫుట్‌రెస్టులు ముందుకు ఉంటాయి కాబట్టి హ్యాండిల్ మరీ కిందికి దించితే గంటలో నడుం పట్టేస్తుంది.

స్ప్లెండర్ చవకగా వస్తుంది, సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. కానీ 97.2 సీసీ ఇంజిన్ పడుకుని ఉంటుంది కాబట్టి ట్యాంకు కింద ఖాళీ కనిపిస్తుంది. టైరు 3.00-18 దాటించకండి. బ్రేకు డ్రమ్ములు చిన్నవి, ఇంజిన్ ఓపిక అంతకన్నా ఎక్కువ లేదు.

టైరు లెక్క

లావు టైరు మోజులోనే ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకుంటారు. బండి కొనకముందే స్వింగ్ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే రెండు చేతుల పైపు) లోపలి వెడల్పు కొలవండి. టైరుకు రెండు పక్కలా కనీసం 8 మి.మీ., చైను వైపు 10 మి.మీ. ఖాళీ మిగలాలి. పాత టైరు గోడ మీద సైజు చదివి ఎత్తు లెక్కేయండి. 110/90-18 అంటే రిమ్ము 457 మి.మీ., టైరు గోడ 99 చొప్పున రెండు పక్కలా కలిపి 655. దాని స్థానంలో 130/90-16 వేస్తే 640 వస్తుంది, ఇరుసు ఏడున్నర మి.మీ. దిగుతుంది, పెద్ద తేడా ఉండదు. 130/90-15 వేస్తే 615, అంటే ఇరుసు 20 మి.మీ. దిగుతుంది. అప్పుడు సెంటర్ స్టాండు, సైలెన్సర్ ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లకు గీసుకుంటాయి. సైడ్ స్టాండు పొడవైపోయి బండి నిటారుగా నిలబడి, గాలికి అవతలి పక్కకు పడుతుంది. గేరింగు కూడా ఆరు శాతం దాకా కుదించుకుపోయి, 80 దగ్గరే ఇంజిన్ అరుస్తుంది. షాకబ్జార్లను కూడా పాతవాటికన్నా 25 మి.మీ.కు మించి పొట్టివి వేయొద్దు. స్పోక్ హబ్బుకు 36 రంధ్రాలా 40 రంధ్రాలా అన్నది లెక్కపెట్టి, అదే లెక్కలో రిమ్ము తెప్పించుకోండి.

ముందు మడ్గార్డు తీసేసే ముందు మన రోడ్లను గుర్తు చేసుకోండి. నాట్ల కాలంలో దమ్ము చేసిన ట్రాక్టర్ల కేజ్ వీల్స్ నుంచి బురద తారు రోడ్డు మీద గడ్డలు గడ్డలుగా రాలుతుంది. మడ్గార్డు లేని చక్రం దాన్ని నేరుగా కళ్లలోకీ, ఇంజిన్ రెక్కల మధ్యకూ విసురుతుంది. రెక్కల మధ్య ఎండిన రేగడి వేడిని బయటికి పోనివ్వదు. కురచ మడ్గార్డైనా ఉంచుకోవడం మేలు.

బండి ముందు నిలబడి చూసేవి

వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, చల్లారాక మళ్లీ రండి. చల్లటి ఇంజిన్‌కే అసలు చప్పుడు ఉంటుంది. కిక్కు నెమ్మదిగా తొక్కి, గట్టిగా తగిలిన చోట కాలు బరువు పెట్టి ఆపండి. కాసేపైనా ఆగకుండా జారిపోతే కంప్రెషన్ లేదు, ఇంజిన్ బోరుకు వచ్చింది. ఎక్సలేటర్ ఇచ్చినప్పుడు నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు, వదిలాక మళ్లీ ఇచ్చినప్పుడు వస్తే వాల్వ్ సీల్స్ పోయినట్టు. మూడో గేరులో 30 దగ్గర ఒక్కసారిగా పూర్తిగా తిప్పండి. చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు బుల్లెట్‌లో కర్రుమని రాపిడి వస్తే స్ప్రాగ్ క్లచ్ (సెల్ఫ్ మోటారును ఇంజిన్‌కు కలిపేది) పోయింది, పక్క కవరు విప్పే పని. ఇంజిన్ కొంచెం రైజ్ చేసి బ్యాటరీ మీద మీటరు పెడితే పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర వోల్టులు చూపాలి.

ఇంజిన్ రోగాలకు డబ్బుతో మందు ఉంది. వంగిన చాసీకి లేదు. గోడ కట్టే మేస్త్రీలు వాడే దారం తీసుకుని, హ్యాండిల్ సూటిగా ఉంచి, వెనక టైరు ముందు అంచుకూ వెనక అంచుకూ తగిలేలా ముందుదాకా లాగండి. రెండు పక్కలా ఇలాగే చేయండి. వెనక 110, ముందు 90 టైరైతే ముందు టైరుకూ దారానికీ మధ్య ఒక్కో పక్క 10 మి.మీ. ఖాళీ రావాలి. ముందుగా చైను సర్దే గుర్తులు రెండు పక్కలా సమానంగా ఉన్నాయో చూసుకోండి. అవి సరిగా ఉండి కూడా ఖాళీలో 4 మి.మీ. కన్నా తేడా వస్తే ఆ బండి ఎక్కడో గుద్దుకుంది. స్టీరింగ్ మెడ కింద రంగు పగిలిందా, ముందు పైపులో ముడత ఉందా చూడండి. పాల క్యాన్లు, బస్తాలు మోసిన బండ్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. వాటికి షాకబ్జార్ పై బోల్టు దగ్గర సన్నటి చీలికలు, క్యాన్ కొక్కేలు తీసేసిన మచ్చలు దొరుకుతాయి. అక్కడ గుడ్డతో తుడిచి, టార్చ్ వేసి, వేలితో తడమండి. చీలిక కనిపిస్తే బేరమాడకుండా వచ్చేయండి.

కాగితాలు

స్టీరింగ్ మెడ దగ్గరి చాసీ నంబరునూ, ఇంజిన్ మీది నంబరునూ ఆర్సీతో అంకె అంకె సరిచూడండి. రాపిడి చేసిన గుర్తుంటే వదిలేయండి. నంబరు ఏపీ 24 (నల్లగొండ) లేదా ఏపీ 22 (మహబూబ్‌నగర్)తో మొదలైతే అది తెలంగాణ రాకముందు, అంటే 2014 జూన్‌కు ముందు రిజిస్టరైన బండి. 15 ఏళ్ల గడువు అయిపోయి ఉండొచ్చు, లేకపోతే 2029లోపు అయిపోతుంది. ఆ తర్వాత తనిఖీకి పోయి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గద్వాల, నారాయణపేట వైపు రాయచూరు కేఏ 36 బండ్లు చవకగా చూపిస్తారు. వాటికి అక్కడి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్, కొత్త రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి లెక్కేస్తే చవక మిగలదు. ఆటో కన్సల్టెన్సీలో కొన్నా, ఆర్సీలో పేరున్న మనిషే పేరు బదిలీకి వాడే ఫారం 29, 30 మీద సంతకం పెట్టాలి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35 రావాలి, చలాన్లన్నీ కట్టి ఉండాలి. బదిలీ అయ్యేదాకా కొంత డబ్బు ఆపి ఉంచండి, పానా ముట్టుకోకండి.

విప్పడం మొదలయ్యాక తీసిన ప్రతి సామానునూ, వెనక సీటు, చీర గార్డు, ఫుట్‌రెస్టులు, మడ్గార్డు, పాత రిమ్ము, వాటి బోల్టులతో సహా చీటీ రాసి గోనెసంచిలో కట్టి పెట్టండి. రెన్యువల్ తనిఖీ రోజు బండి మళ్లీ కంపెనీ రూపంలో ఆర్టీవో ఆఫీసు ముందు నిలబడాలి.